మా అంగన్‌వాడీకి ఊరి అండ కూడగట్టడం ఎలా?

ప్రశ్న: నారాయణపేట జిల్లా నుంచి ఒక తల్లి

అందరికీ నమస్కారం. మాది నారాయణపేట జిల్లాలో దాదాపు 1,800 జనాభా ఉన్న ఊరు. నాకు నాలుగేళ్ల పాప ఉన్నది. పొదుపు సంఘంలో రెండో లీడర్‌గా పనిచేస్తున్నాను. మా వాడలోని అంగన్‌వాడీ కేంద్రం విషయమై మీ సలహా అడగడానికి ఇది రాస్తున్నాను.

కేంద్రం ఒక అద్దె ఇంటి ముందు గదిలో నడుస్తున్నది. రిజిస్టరులో మూడు నుంచి ఆరేళ్ల లోపు పిల్లలు 29 మంది ఉన్నారు కానీ, రోజూ వచ్చేది పన్నెండు, పదమూడు మందే. మిగిలినవారిలో కొందరు తల్లిదండ్రుల వెంట చేలకు పోతారు, ఎక్కువమంది పొద్దున ఏడున్నరకు వచ్చే ప్రైవేటు బడి వ్యాను ఎక్కుతారు. మూడేళ్లు నిండని బిడ్డలను సైతం నిద్రమత్తులోనే ముఖం తుడిచి, బూట్లు తొడిగి, భుజాన వేసుకొని తెచ్చి వ్యానులో కూర్చోబెడుతున్నారు. ఒక కుటుంబం నర్సరీ ఫీజు కోసం సంఘంలో అప్పు తీసుకున్నది; ఆ పద్దు రాసింది నేనే. అదే బిడ్డ కేంద్రానికి వస్తే గుడ్డు, వేడి అన్నం, ఆటపాటలు అన్నీ ఉచితంగా అందుతాయి. అయినా "అక్కడ తినబెట్టి పండుకోబెడతారు, చదువు ఎక్కడిది?" అన్న మాట ఊళ్లో పాతుకుపోయింది.

టీచర్ మంచి మనిషి. పాటలు నేర్పుతుంది, కథలు చెబుతుంది. కానీ గదిలో వెలుతురు చాలదు, వాన పడితే గడప దాటి నీళ్లు లోపలికి వస్తాయి, మరుగుదొడ్డికి నీళ్లు లేక ఆయా పిల్లలను ఇంటి వెనక్కి తీసుకుపోవలసి వస్తున్నది. పత్తి ఏరే రోజుల్లో తల్లులు తెల్లవారగానే చేలకు బయల్దేరుతారు కాబట్టి, కేంద్రం తెరిచేదాకా బిడ్డ ఎవరి దగ్గర ఉండాలన్నది మరొక చిక్కు. మొన్నటి గ్రామసభలో ఈ సంగతులన్నీ చెప్పాను. ఒక పెద్దమనిషి "అది సర్కారు సంగతి, దానికి జీతాలు ఇస్తున్నారు కదా" అన్నారు. తర్వాత ఎవరూ నోరు విప్పలేదు.

ఊరివారి సహాయం ఎక్కడ మొదలుపెట్టి అడగాలి? చందాలు వసూలు చేయవచ్చా? మనమే అన్నీ చేసిపెడితే ప్రభుత్వం తన బాధ్యత నుంచి తప్పుకుంటుందేమోనన్న భయం కూడా నాకు ఉన్నది. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

జవాబు 1: రిటైర్డ్ సూపర్‌వైజర్, అనంతపురం

అమ్మా, అంగన్‌వాడీలను నడిపే సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం (ఐసీడీఎస్)లో సూపర్‌వైజర్‌గా 28 ఏళ్లు పనిచేసి రిటైర్ అయ్యాను. గ్రామసభలో ఆ పెద్దమనిషి అన్న మాటను నేను వందసార్లు విని ఉంటాను. ముందుగా దానికి సమాధానం చెబుతాను.

ఈ పథకం 1975 అక్టోబరు 2న దేశంలో 33 ప్రాజెక్టులతో మొదలైంది. అనుబంధ పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, అవసరమైనవారిని ఆసుపత్రికి పంపడం, తల్లులకు పోషణ, ఆరోగ్య విషయాలు బోధించడం, పూర్వ ప్రాథమిక విద్య అనే ఆరు సేవలను మొదటినుంచీ కలిపే పెట్టారు. అంటే చదువు మధ్యలో వచ్చి చేరింది కాదు, పునాదిలోనే ఉన్నది. ఇక "అంగన్‌వాడీ" అన్న పేరు సర్కారు పుట్టించింది కాదు. 1945లో నేటి మహారాష్ట్రలోని బోర్డీ అనే ఊళ్లో తారాబాయి మోదక్, ఆమెతోపాటు అనుతాయి వాఘ్, బడి ముఖం చూడని పిల్లల దగ్గరికి తామే వెళ్లి ఇళ్ల ముంగిళ్లలో వారిని కూర్చోబెట్టి ఆటపాటలతో నేర్పారు. అంగణం అంటే ముంగిలే కదా. ఊరి వాకిట్లో మొదలైన పనిని ప్రభుత్వం తర్వాత చేపట్టింది. కాబట్టి ఇది సర్కారు సంగతి మాత్రమే అనడం చరిత్ర ప్రకారం కూడా సరికాదు.

మీ భయం మాత్రం న్యాయమైనదే. అందుకే నేను ఏ ఊరికి వెళ్లినా ఒక తెల్లకాగితం తీసుకొని మూడు గడులు గీయించేదాన్ని. ప్రభుత్వం ఇచ్చి తీరవలసినవి మొదటి గడిలోనూ, పంచాయతీ చేయవలసినవి రెండో గడిలోనూ, ఊరివారు చేయగలిగినవి మూడో గడిలోనూ రాయాలి. బియ్యం, పప్పు, గుడ్డు, పాలు, అద్దె, జీతం మొదటి గడిలోనివి. 2013 నాటి ఆహార భద్రత చట్టం ప్రకారం ఆరు నెలలు నిండిన నాటినుంచి ఆరేళ్ల వరకు బిడ్డకు ఆ ఆహారం హక్కు. గుడ్లు రావడం ఆలస్యమైందని ఊరివారు చందా వేసుకొని కొని పెట్టకూడదు. అలా చేస్తే రాని సరుకు వచ్చినట్లే లెక్క అయిపోతుంది, పై అధికారికి లోపం ఎప్పటికీ కనబడదు. ఎన్ని రోజులు రాలేదో తేదీలతో రాసి, తల్లులందరి సంతకాలతో శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారి (సీడీపీఓ) గారికి ఇవ్వాలి.

మరుగుదొడ్డికి నీళ్లు, కుళాయి, వీధిదీపం, వాకిట్లో మొరం పోయించడం రెండో గడిలోకి వస్తాయి. రాజ్యాంగం పదకొండో షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలు ఉన్నాయి. అందులో 25వది మహిళా శిశు అభివృద్ధి. సర్పంచి గారిని కలిసినప్పుడు ఈ అంకె నోటికి వచ్చేలా పెట్టుకోండి.

మీ ఊళ్లో కమిటీ ఉన్నదో లేదో కూడా కనుక్కోండి. 2011లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ ఢిల్లీ నుంచి అంగన్‌వాడీ వరకు ఐదు అంచెల పర్యవేక్షణ కమిటీలు ఉండాలని ఆదేశించింది. అట్టడుగు అంచె మీ కేంద్రానిదే. వార్డు సభ్యురాలు, ఆశా కార్యకర్త, తల్లులు, సంఘం సభ్యులు, బడి టీచర్ వంటివారు అందులో ఉంటారు. చాలా ఊళ్లలో ఇది కాగితం మీద ఉంటుంది. అందులో పేరు ఉన్నవారికే ఆ సంగతి తెలియదు. ఆ పేర్లు అడిగి తెలుసుకోండి. కొత్త సంఘం పెట్టుకోవడం కన్నా ఉన్న కమిటీని లేపి కూర్చోబెట్టడం తేలిక.

చందా గురించి ఒక్క హెచ్చరిక. నేను చూసిన ఒక ఊళ్లో దసరాకు ముందు పిల్లల చాపల కోసం ఇంటికి ఇరవై రూపాయల చొప్పున వసూలు చేసి టీచర్ చేతికి ఇచ్చారు. ఆమె చాపలు కొన్నది, రసీదు కూడా తెచ్చింది. అయినా మిగిలిన నూట నలభై రూపాయల గురించి ఆరు నెలలపాటు రచ్చబండ దగ్గర మాట్లాడుకున్నారు. ఆమె నా ముందు కూర్చొని ఏడ్చింది. అప్పటినుంచి నగదు వద్దని, ఇచ్చేవారు వస్తువుగానే ఇవ్వాలని, దాత పేరు, వస్తువు, తేదీ ఒక నోటుపుస్తకంలో రాసి అందరికీ కనబడేచోట వేలాడదీయాలని చెబుతూ వచ్చాను.

జవాబు 2: అంగన్‌వాడీ టీచర్, ప్రకాశం జిల్లా

అక్కా, మీరు టీచర్‌ను మంచి మనిషి అని రాశారు చూడండి, ఆ ఒక్క మాట ఆమెకు వినబడేలా ఎప్పుడైనా అనండి. ఊరివారు కేంద్రానికి వచ్చేది సాధారణంగా గుడ్లు లెక్కబెట్టడానికే. కమిటీ అనగానే మా గుండెలో రాయి పడుతుంది. తనిఖీకి అధికారులు ఉన్నారు. మాకు కావలసింది పిల్లల మధ్య ఒక గంట కూర్చునే మనిషి.

మా పని ఎలా ఉంటుందంటే, పొద్దున హాజరు తీసుకోవాలి, పోషణ్ ట్రాకర్ యాప్‌లో వివరాలు ఎక్కించాలి, సరుకుల లెక్క రాయాలి, నెలనెలా బరువులు తూయాలి, గర్భిణుల ఇళ్లకు వెళ్లాలి. సిగ్నలు దొరకని రోజున ఫోను పట్టుకొని డాబా ఎక్కుతాను. కిందనుంచి పిల్లలు నా కోసం అరుస్తూ ఉంటారు. ఆ సమయంలో లోపల ఒక పెద్దావిడ ఉండి కథ చెబుతుంటే ఆ రోజు పిల్లలకు దక్కినట్లే.

మా కేంద్రంలో ఆ మార్పు ఒక నాయనమ్మతో మొదలైంది. మనవడిని దింపి వెళ్లడానికి వచ్చిన ఆమెను "కాసేపు ఉండమ్మా, నేను తూకాలు చూసుకోవాలి" అని బతిమాలాను. ఆమె గోడకు చేరగిలబడి ఏడు చేపల కథ అందుకున్నది. "చేపా చేపా ఎందుకు ఎండలేదు?" అనగానే పదిమంది ఒక్క గొంతుతో "గడ్డిమోపు అడ్డమొచ్చింది" అన్నారు. ఇంట్లో తప్ప బయట మాట్లాడని ఒక పాప కూడా ఆ జవాబు చెప్పింది. ఆ నాయనమ్మ ఇప్పుడు మంగళ, శుక్రవారాలు వస్తుంది. ఆమె వస్తుందని తెలిసి ఆ వీధి నుంచి మరో నలుగురు పిల్లలు వస్తున్నారు.

"చదువు ఎక్కడిది?" అన్న ప్రశ్నకు మాటలతో జవాబు చెప్పలేం, చూపించాలి. నెలకోసారి తల్లిదండ్రులను పిలిచి జరిపే ఈసీసీఈ డే (పూర్వ ప్రాథమిక విద్యా దినం) అందుకు మంచి అదను. మా దగ్గర ఒక తండ్రి "నాలుగేళ్లు దాటాయి, అఆలు ఎప్పుడు రాయిస్తారు?" అని గట్టిగా అడిగారు. ఆయనకు పలక, బలపం ఇచ్చి, ఎడమ చేత్తో "ఋ" రాయమన్నాను. రాశారు, వంకరటింకరగా వచ్చింది, బలపం కూడా విరిగింది. "మీ చేయి ఇన్నేళ్లది, అయినా వాటం లేని పనికి ఇంత కష్టపడింది. మీ వాడి వేళ్లకు ఇంకా ఆ పట్టు రాలేదు" అని చెప్పి, వాడు చింతపిక్కలను ఒక్కొక్కటే వేళ్లతో తీసి సీసాలో వేయడం చూపించాను. నల్లవి ఒక వైపు, ఎర్రవి ఒక వైపు వేరుచేస్తున్నాడు, వేస్తూ లెక్కబెడుతున్నాడు. పట్టు, గుర్తింపు, లెక్క మూడూ ఆ ఆటలోనే ఉన్నాయి. ఆయన ఆ తర్వాత మరి అఆల గురించి అడగలేదు. చింతపిక్కల ఆట మాత్రం నాలుగేళ్లు దాటినవారితో, అదీ మన కళ్ల ముందే ఆడించాలి. చిన్నపిల్లలు నోట్లో పెట్టుకుంటారు.

వస్తువులు అడగాలనుకుంటే ఊరి వడ్రంగిని అడగండి. తలుపులు చేయగా మిగిలిన చెక్క ముక్కలను మా వడ్రంగి బాబాయి గుప్పెట పట్టేంత పరిమాణంలో కోసి, అంచులు నున్నగా తోమి నలభై ముక్కలు ఇచ్చారు. రంగు వేయవద్దని చెప్పాను. నాలుగేళ్లుగా వాటితోనే ఇళ్లు, బావులు, బస్సులు కడుతున్నారు. దర్జీ దగ్గర గుడ్డముక్కలు, కుమ్మరి దగ్గర చిన్న మూకుళ్లు దొరుకుతాయి. ఇవేవీ డబ్బు పెట్టి కొనవలసినవి కావు, ఇచ్చినవారు తమ వస్తువును పిల్లలు ఏం చేస్తున్నారో చూడటానికి తప్పక వస్తారు.

జవాబు 3: ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు, ఉట్నూరు ప్రాంతం

పైన అమ్మగారు చెప్పిన మూడు గడుల పద్ధతి బాగున్నది. ఒక్క విషయంలో మాత్రం నా అభిప్రాయం కొంచెం వేరు. ఊరివారు తిండి విషయంలో వేలు పెట్టనే కూడదని నేను అనుకోను. ప్రభుత్వం ఇవ్వవలసిన దానికి బదులుగా కాకుండా, దానికి వేరుగా, దాని లెక్కలో కలవకుండా చేసేది ఉండవచ్చు. పెరట్లో కాసిన మునగాకు, బొప్పాయి తెచ్చి ఇచ్చే అలవాటు మా గూడేల్లో ఉన్నది. అది లోపాన్ని కప్పిపుచ్చదు.

మీరు అడిగిన పత్తి ఏరే రోజుల సమస్య గురించి చెబుతాను, ఎందుకంటే ఆదిలాబాద్ వైపు మాకు అదే పెద్ద సమస్య. మూడేళ్ల లోపు బిడ్డ కేంద్రంలో రోజంతా ఉండే ఏర్పాటు అంగన్‌వాడీలో మామూలుగా లేదు. ఆ వయసు వారికి బాలామృతం అనే పోషకాహార పొడి ఇంటికి ఇస్తారు, బరువు తూస్తారు, అంతే. ఛత్తీస్‌గఢ్‌లోని సర్గుజా జిల్లాలో 2012 ప్రాంతంలో "ఫుల్వారీ" పేరుతో పల్లెల్లోని తల్లులే శిశు సంరక్షణ కేంద్రాలు నడపడం మొదలుపెట్టారు. ఆరు నెలల నుంచి మూడేళ్ల లోపు బిడ్డలను వంతులవారీగా తల్లులే చూసుకుంటారు, మిగిలినవారు పనికి వెళతారు. పంచాయతీ ద్వారా నిధులు అందాయి. మీ సంఘంలోని వారు ఈ వంతుల పద్ధతిని పత్తి ఏరే రెండు, మూడు నెలలకైనా ప్రయత్నించవచ్చు. పదిమంది తల్లులు ఉంటే ఒక్కొక్కరికి అయిదు రోజులకోసారి ఇద్దరిద్దరుగా వంతు వస్తుంది. వంతు రోజున కూలి పోతుంది కాబట్టి మిగిలిన ఎనిమిదిమంది తమ కూలిలోంచి ఆ ఇద్దరికి ఎంత ఇవ్వాలన్నది ముందే మాట్లాడుకొని రాసుకోవాలి. ఆ మాట మొదటి రోజే తేలకపోతే రెండో వారానికి వంతులు తప్పుతాయి. శాశ్వత ఏర్పాటు కోసం అయితే, కేంద్ర ప్రభుత్వపు "పాల్నా" పథకం కింద అంగన్‌వాడీతోపాటు క్రెష్ (పనికి వెళ్లే తల్లుల బిడ్డలను చూసుకునే కేంద్రం) నడిపే వీలు ఉన్నది. పంచాయతీ తీర్మానంతో జిల్లా సంక్షేమ అధికారికి దరఖాస్తు ఇవ్వండి.

అలా బిడ్డలను ఒకచోట చేర్చినప్పుడు దండచుట్టుకొలత టేపు (చేతి చుట్టుకొలతతో బిడ్డ పోషణ ఎలా ఉన్నదో చూపే రంగుల పట్టీ) దగ్గర ఉంచుకోండి, ఆశా కార్యకర్త దగ్గర ఉంటుంది. ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు బిడ్డ ఎడమ భుజానికీ మోచేతికీ నడుమ చుట్టి చూస్తే, 11.5 సెంటీమీటర్ల లోపు ఎరుపు, 12.5 లోపు పసుపు, ఆపైన పచ్చ కనబడుతుంది. అక్షరం రాని తల్లి కూడా చదవగలదు. ఎరుపు (తీవ్ర పోషకాహార లోపం) వచ్చిన బిడ్డను అదే రోజు ఏఎన్ఎం (ఊరి ఆరోగ్య ఉపకేంద్రంలోని నర్సు) దగ్గరికి తీసుకుపోవాలి.

మరొక మాట. మా గూడేల్లో పిల్లలు ఇంట్లో గోండి మాట్లాడతారు. టీచర్‌ది తెలుగు. మొదటి రెండు నెలలు పిల్లలు నోరు తెరవరు, అది చూసి "మా వాడికి చదువు అబ్బదు" అని తల్లిదండ్రులు నిర్ణయించేసుకుంటారు. గూడెంలోని ఒక అవ్వ వచ్చి గోండిలో పాట పాడిన రోజునే వారు మాట్లాడటం నేను చూశాను. నారాయణపేట కర్ణాటక సరిహద్దు కాబట్టి మీ ఊళ్లో కన్నడం, లంబాడీ మాట్లాడే ఇళ్లు ఉండవచ్చు. ఆ ఇళ్ల నుంచి కూడా ఒకరిని పిలవండి. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును ఒకే పునాది దశగా చూస్తున్నది, ఇంటి భాషలో నేర్పాలని కూడా చెబుతున్నది.

జవాబు 4: గ్రామ సమాఖ్యలో లెక్కలు రాసే మహిళ, విజయనగరం జిల్లా

అక్కా, ఉమ్మడి రాష్ట్రంలో సెర్ప్ (గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ) ఆధ్వర్యంలో గ్రామ సమాఖ్యలు పోషకాహార కేంద్రాలు నడిపిన రోజుల్లో నేను మా ఊరి కేంద్రంలో వంట చేశాను. గర్భిణులు, బాలింతలు, చిన్నపిల్లలు అక్కడికే వచ్చి భోజనం చేసేవారు. ఎవరు ఎన్ని పూటలు తిన్నారో, ఎవరి బిడ్డ ఎంత బరువుతో పుట్టిందో సమాఖ్య సమావేశంలో చదివేవాళ్లం. అది చదివినంత కాలం కేంద్రం బాగా నడిచింది. శ్రద్ధ ఉన్న ఇద్దరు లీడర్ల పదవీకాలం ముగిసి, సమావేశంలో అప్పుల వసూళ్లు తప్ప మరేదీ మాట్లాడని రోజులు వచ్చాక మెల్లగా మూతపడింది. మీరు రెండో లీడర్ కాబట్టి మీ చేతిలో ఉన్న పని ఒకటి చెబుతాను. నెలవారీ సమావేశం పుస్తకంలో పొదుపు, అప్పు పద్దుల తర్వాత "పిల్లలు" అని ఒక శీర్షిక రాయండి. ఆ నెల కేంద్రానికి ఎందరు వచ్చారో, ఏం తక్కువైందో దాని కింద రెండు వాక్యాలు రాసి అందరితో సంతకం చేయించండి. పుస్తకంలోకి ఎక్కిన విషయాన్ని తర్వాత వచ్చే లీడర్ దాటవేయలేదు.

ప్రశ్న అడిగిన తల్లి తిరిగి రాసినది, ఏడు వారాల తర్వాత

జవాబులు రాసిన అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఏం జరిగిందో చెప్పడం నా బాధ్యత అనిపించింది.

కమిటీ పేర్లు అడిగితే తెలిసింది, అందులో నా పేరు కూడా ఉన్నది. అమ్మగారు రాసిన మాట అక్షరాలా నిజమైంది. మూడు గడుల కాగితం పట్టుకొని వార్డు సభ్యురాలితో కలిసి పంచాయతీకి వెళ్లాం. కుళాయి గొట్టం వేయించారు, మరుగుదొడ్డికి నీళ్లు వస్తున్నాయి. గడప దగ్గర వాన నీటి సమస్య మాత్రం అలాగే ఉన్నది. ఇంటి యజమాని సిమెంటు గట్టు కట్టనివ్వలేదు. సొంత భవనం కోసం స్థలం చూపించమని తీర్మానం పెట్టించాం.

మా అత్తమ్మ మొదట "నాకు కథలేం వస్తాయి" అన్నది. ఇప్పుడు బుధవారం పొద్దున తనే ముందు తయారై కూర్చుంటున్నది. లంబాడీ తండా నుంచి ఒక అవ్వ రెండుసార్లు వచ్చింది. ఎడమ చేత్తో రాయించే పరీక్ష మా ఈసీసీఈ డే నాడు కూడా పెట్టాం, గ్రామసభలో నన్ను ఆపిన పెద్దమనిషి కూడా బలపం పట్టుకున్నారు. ఆయన కోడలు ఇద్దరు పిల్లల్లో చిన్నదాన్ని వ్యాను మాన్పించి కేంద్రానికి పంపుతున్నది. వ్యాను ఇంకా ఏడున్నరకు వస్తూనే ఉన్నది. నిన్నటి హాజరు 19.

వంతుల మాట సంఘంలో పెట్టాను. తొమ్మిదిమంది ఒప్పుకున్నారు. కూలి సర్దుబాటు ఎంత అన్నదాని దగ్గర ఆగింది. కొందరు రోజుకు యాభై చాలంటున్నారు, కొందరు సగం కూలి ఇవ్వాలంటున్నారు. పత్తి మొదటి ఏరుడుకు ఇంకా మూడు వారాలు ఉన్నది. ఉట్నూరు ఉపాధ్యాయులు గారూ, మీ వైపు ఈ మొత్తం ఎలా నిర్ణయించుకుంటారో తెలిస్తే రాయండి, వచ్చే శనివారం సమావేశంలో చదివి వినిపిస్తాను.